గోంగూర మడి కింద ట్యాంకు

న్యూజెర్సీలో ఇల్లు కొన్న మొదటి వేసవిలోనే, పెరట్లో మట్టిలోంచి పైకి లేచిన ఇనప గొట్టానికి గిరిజ బీర తీగ పాకించింది. ఆ గొట్టం అక్కడెందుకుందని ఇంట్లో ఎవరూ అడగలేదు. ఊరికే నిలబడ్డ గొట్టం కనిపిస్తే తీగ పాకించకుండా ఉండగలమా మనం? దాని మొదట్లో గోంగూర మడి కూడా వేసింది. అది విరగబడి పెరిగితే వీధిలో తెలుగువాళ్ళందరికీ సంచుల్లో పెట్టి పంచింది. ఎదురింటి శ్రీవిద్య కడుపుతో ఉంది. పులుపు తప్ప ఏదీ నోటికి సయించడం లేదంటే, ఈ ఏడు కోసినప్పుడల్లా మొదటి కట్ట ఆమెకే వెళ్ళింది.

గ్యాస్ మీటరు చూడడానికి వచ్చిన మనిషి ఆ తీగను చూసి నవ్వాడు. ఇంటిని ఆయిల్‌తో వేడి చేసుకున్న కాలం నాటి ట్యాంకు కింద పాతిపెట్టి ఉంటుందని, ఇది దానికి గాలి ఆడే గొట్టమని చెప్పి తన దారిన పోయాడు. ఆ ట్యాంకు కారుతుంటే ఆయిల్ మట్టిలోకి, మట్టిలోంచి గోంగూరలోకి దిగుతుందని గిరిజకు భయం పట్టుకుంది. ఆకు కోయడం ఆ రోజే మానేసింది.

ఆమె భర్త రఘువీర్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగి, మనవాడేనంటూ కేశవరావు అనే కాంట్రాక్టరును పట్టుకొచ్చాడు. కేశవరావు పెరడంతా ఓసారి కలయజూశాడు.

"అక్కా, లోపల ఇసుక నింపి గొట్టం కట్ చేసేస్తా. ఒక్క పూట పని. పర్మిట్ గిర్మిట్ అన్నామనుకో, టౌన్ ఇన్‌స్పెక్టర్ వచ్చి నెత్తిన కూర్చుంటాడు. లీక్ అని తేలితే యార్డ్ మొత్తం తవ్విస్తాడు."

"కరెక్టే కదా," అన్నాడు రఘువీర్.

"మరి లీక్ ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?"

"తెలియకపోవడమే మంచిదక్కా."

గిరిజకు ఒళ్ళు మండిపోయింది. మనవాడట, మనవాడు!

"నా చేత్తో కోసి కడుపుతో ఉన్న పిల్లకి పెట్టాను. నాకు తెలియాల్సిందే. ట్యాంకుని బయటికి తీసేవాళ్ళనే పిలుస్తాను, పర్మిట్‌తోనే పిలుస్తాను. నువ్వు వెళ్ళిరా తమ్ముడూ."

రఘువీర్ ముఖం మాడ్చుకు తిరిగాడు. గిరిజ ఖాతరు చేయలేదు. టౌన్ ఆఫీసుకు తనే వెళ్ళింది, లైసెన్సున్న కంపెనీని తనే కుదుర్చుకుంది. వాళ్ళు వచ్చే రోజు పొద్దున్నే బీర తీగను మొదలంటా కోసి, గోంగూరను వేళ్ళతో సహా పీకేసింది. ఏడుపొచ్చింది, అయినా చెయ్యి ఆపలేదు.

యంత్రం ట్యాంకును పైకి లేపింది. అడుగంతా తుప్పు, చిల్లులు. ఆయిల్ వాసన గుప్పుమంది. ఇన్‌స్పెక్టర్ గోతిలోకి వంగి చూసి, మట్టిని పరీక్షకు పంపాలన్నాడు.

రఘువీర్ ఆమె పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "రిజల్ట్స్ వచ్చేదాకా శ్రీవిద్యకి చెప్పకు. ఊరికే భయపడుతుంది. గ్రూపులో మన పరువు పోతుంది."

"భయపడనీ. భయపడితేనే డాక్టర్ని అడుగుతుంది. పరువు సంగతి నువ్వు చూసుకో."

మట్టి చేతులతోనే రోడ్డు దాటి ఎదురింటి తలుపు కొట్టింది. శ్రీవిద్య పొట్ట మీద చెయ్యి వేసుకుని వచ్చి తలుపు తీసింది. గిరిజను చూడగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"అక్కా! గోంగూర తెచ్చారా?"

గిరిజ మట్టి చేతులు వెనక్కి పెట్టుకుంది.

"లేదమ్మా, ఇక తేను. లోపలికి పద, ఎందుకో చెప్తాను."