తొలినిద్ర

పర్చూరులో పొగాకు కాల్చే బ్యారన్ల వెనక సందులో పొద్దున్నే అందరికంటే ముందు వినిపించేది కరీమున్ కత్తెర. గుమ్మం ముందు చాప పరుచుకుని, చారల గుడ్డ విప్పి, మూర వేసి కొలిచి కత్తిరించేది. పరుపు గలీబులు కుట్టడం ఇంట్లో ఆడవాళ్ల పని. దూది ఏకి వాటిలో కూరడం మగవాళ్ల పని. దూదేకులవాళ్ల ఇళ్లలో ఈ పంపకం ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు కూడా.

మాఘమాసం వెళ్లేలోపు ఆమె గలీబులన్నీ మూటగట్టి ఇచ్చేది. భర్త బుడే సాయిబు ఆ మూట వీపున వేసుకుని, దూది ఏకే నిలువెత్తు విల్లు గుడ్డ చుట్టి భుజాన పెట్టుకుని చీరాల బస్సెక్కేవాడు. ఆ విల్లుకి లగేజీ టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కండక్టర్లు ఏటా అతనితో పోట్లాడేవాళ్లు. ఒక కండక్టరైతే దానికి సగం టిక్కెట్టు కొట్టి, సీటు మాత్రం ఇవ్వనన్నాడు. చీరాల నుంచి ఓడరేవు, అక్కణ్ణించి బాపట్ల, సూర్యలంక, చివరికి నిజాంపట్నం. సముద్రం పక్క ఊళ్లలో పరుపులు త్వరగా గట్టిపడతాయి. ఉప్పుగాలికి దూది తేమ పట్టి గడ్డ కడుతుంది. అందుకని ఆ ఊళ్లు అతనికి ఏటేటా పని దాచిపెట్టేవి. ఒక్కో ఊళ్లో కొన్నాళ్లుండి, పాత పరుపులు విప్పి, దూది ఏకి, కొత్త గలీబుల్లో కూరి, తొలకరికి ఇంటికి చేరేవాడు.

"నన్నూ తీసుకుపోరాదూ?" అని కరీమున్ ఏటా అడిగేది.

"వచ్చే ఏడు చూద్దాంలే."

"పోనీ సముద్రం ఎట్టా ఉంటదో అదన్నా చెప్పు."

"ఏముంది, నీళ్లేగా."

మెలకువగా ఉన్నంతసేపూ బుడే సాయిబు మాటలు అంతే. నిద్రపోతే మాత్రం అతనికి నోరు ఊరుకునేది కాదు. వాళ్ల వృత్తిలో ఒక వాడుక ఉంది. కొత్త పరుపు మీద తొలినిద్ర దూది ఏకినవాడే పోవాలి. ఎక్కడ గడ్డ మిగిలిందో, ఎక్కడ దూది పలచనైందో వీపుకి తెలిసినట్టు చేతికి తెలియదంటారు. అట్లా తొలినిద్రలో అతను ఏం పలవరించాడో అది ఆ పరుపులో ఉండిపోయేది. తర్వాత ఎవరు నడుం వాల్చినా కాసేపటికి పరుపు ఆ మాటలే అనేది. ఒడ్డు ఊళ్లలో ఇది అందరికీ అలవాటే. ఇంటికి కొత్త చుట్టాలొస్తే, "ఏం లేదు, సాయిబు మాటలు, పడుకోండి" అని చెప్పి ఎవరి పని వాళ్లు చూసుకునేవాళ్లు.

పర్చూరు ఇంట్లోనూ ఒక పరుపు ఉంది. కానీ కొడుకు తనకోసం పరుపు చేశాడన్న సంబరంలో అత్త నసీమున్నీసా వాడుక మర్చిపోయి దాని మీద తొలినిద్ర తనే పోయింది. ఆవిడ కాలం చేసి ఏళ్లు గడిచినా, "మజ్జిగలో నీళ్లెక్కువ పోసింది, దీని చేతికి అడ్డూ ఆపూ లేదు" అని పరుపు కోడల్ని తిడుతూనే ఉండేది. పక్కింటి ప్రేమమ్మ టీచరు నడుంనొప్పికని ఒక మధ్యాహ్నం దాని మీద పడుకుని, లేచి చీర సర్దుకుంటూ, "మీ అత్త ఏం మారలేదే కరీమున్నా" అని వెళ్లిపోయింది. బుడే సాయిబు ఇంట్లో ఉంటే నులకమంచం మీదే పడుకునేవాడు. నులక ఎవరి మాటలూ దాచుకోదు.

పత్తికి తెల్లదోమ పట్టి రైతులు గగ్గోలు పెట్టిన ఏడు, చలి మొదలైన రోజుల్లో, అరుగు మీద దూది ఏకుతూ ఏకుతూ బుడే సాయిబు పక్కకి ఒరిగిపోయాడు. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. నోరు పడిపోయింది. గుంటూరు పెద్దాసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని పంపించేశారు. కాలు కాస్త కూడదీసుకుని ఈడ్చి నడిచేదాకా వచ్చింది. మాట మాత్రం రాలేదు. రోజుకి నాలుగు మాటలే మాట్లాడేవాడు గానీ, ఆ నాలుగూ ఇల్లంతా నింపేవని కరీమున్‌కి అప్పుడు తెలిసింది. అన్నం పెట్టాక "కరీమూ, మంచినీళ్లు" అనే ఆ ఒక్క పిలుపు కోసం ఆమె చెంబు పక్కనే దాచి కాసేపు ఎదురు చూసేది. తర్వాత తనే అందించేది.

మరిది బాజీ గుంటూరు మిర్చి యార్డులో పని చేస్తాడు. చూడటానికి వచ్చి, టీ తాగి, గ్లాసు బోర్లించి విషయం తేల్చేశాడు.

"వదినా, అన్న ఇక ఇంతే. ఆ విల్లు ఎవరికన్నా ఇచ్చేసి గుంటూరు వచ్చెయ్యి. నీకు తొడిమలు తీసే పని ఇప్పిస్తా. అన్నకి మా ఇంట్లో ఓ మూల మంచమేస్తా."

"నోరు పోయినాయన్ని మూల పడేస్తే నోరొస్తదా?"

"ఎక్కడ పడేస్తే వస్తదో నువ్వే చెప్పు మరి."

"ఆయన మాటలున్న చోట."

బాజీకి ఆ మాట అర్థమైంది. అతనూ ఆ ఇంట పుట్టినవాడే. "సరే, తిప్పుకురా. రంజాను నెలవంక కనపడేలోపు ఒక్క మాట పలికాడా, మీ ఇంట్లో మీరుండండి. పలకలేదా, నేనొచ్చి ఇద్దర్నీ తీసుకుపోతా. అప్పుడు ఏడవకూడదు."

అట్లా కరీమున్ మొదటిసారి సముద్రానికి బయల్దేరింది. విల్లు ఇంట్లో పెట్టి వెళ్దామంది గానీ, బుడే సాయిబు ఎడమచేత్తో దాన్ని పట్టుకుని వదల్లేదు. ఒక చేత భర్తని, ఒక చేత విల్లుని పట్టుకుని బస్సెక్కింది. ఆ రోజు కండక్టరు టిక్కెట్టు మాటే ఎత్తలేదు.

ఓడరేవులో సరుగుడు తోపు దాటగానే ఆమె నిలబడిపోయింది. ఎంతసేపు నిలబడిందంటే, మొగుడే ఎడమచేత్తో కొంగు లాగాల్సి వచ్చింది.

"ఏమయ్యా, నీళ్లేనా ఇది?" అని అతని భుజం మీద ఒక్కటిచ్చింది. "ఇన్నేళ్లూ నీళ్లేగా అంటివే!"

బుడే సాయిబు తల వంచుకుని ఇసక వంక చూశాడు.

అక్కడి గెస్ట్‌హౌసు వాచ్‌మన్ ఇమ్మానియేలు సాయిబుని ఎరిగినవాడు. ఆఫీసర్లెవరూ లేని రోజని గది తలుపు తీశాడు. "ఈ పరుపు మంచిదమ్మా, నవ్విస్తది. ఒక ఇంజనీరుగారు పనిగట్టుకుని ఈ గదే అడుగుతారు." బుడే సాయిబుని దాని మీద పడుకోబెట్టి ఇద్దరూ గుమ్మంలో కూర్చున్నారు. కాసేపటికి పరుపు గొంతు సవరించుకుంది.

"కప్పండి, కప్పండి, గాలొస్తోంది... ఆ మేకనెవరన్నా కట్టెయ్యండయ్యా, దారం తినేస్తోంది... నీ అమ్మ కడుపు మాడ, అది గలీబు, గడ్డి కాదే!"

కరీమున్ నవ్వుతూ నవ్వుతూ కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ గొంతు విని ఎన్ని నెలలైందో. బుడే సాయిబు మాత్రం ఎవరో పరాయివాడి మాటలు విన్నట్టు విన్నాడు. పెదాలు కదిపి చూశాడు, కదిలాయి గానీ శబ్దం రాలేదు. గోడవైపు తిరిగాడు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పరుపు మేకని తిడుతూనే ఉంది.

బాపట్లలోనూ ఏ పరుపూ అతని నోరు కదపలేదు. సూర్యలంకలో ఎలీసమ్మ భోజనాల పాక నడిపేది. వెనకవైపు ఒక గదిలో సాయిబు ఏకిన పరుపు ఉండేది. కార్తీకంలో సముద్రస్నానానికి వచ్చే జనం ఆ గదికోసం కొట్టుకుంటారని గొప్పగా చెప్పింది. బుడే సాయిబుని పడుకోబెడితే, ఈ పరుపు గొంతు వేరేగా ఉంది. మెల్లగా, బతిమాలుకున్నట్టుగా.

"రా. జరిగాలే, చోటుంది. కాళ్లకి ఇసకుంటే ఉండనీ... రా మరి."

కరీమున్ మొహం మాడిపోయింది. "ఎవర్నమ్మా ఈయన రమ్మనేది?"

"నా వంక చూస్తావేంది?" అంది ఎలీసమ్మ. "నేనప్పుడు కానుపుకని మా అమ్మగారింట్లో ఉన్నా."

"పేరు చెప్పడే!"

"పేరు చెపితే మేమందరం సుఖంగా నిద్రపొయ్యేవాళ్లం. ఆ పేరు వినాలని మా ఆయన మెలకువగా పడుకుని, తెల్లారాక నిద్రపట్టి, పడవ పోయాక లేచేవాడు."

కరీమున్ మంచం దగ్గరికి వెళ్లి నిలబడింది. "ఏమయ్యా, ఎవరిని?"

బుడే సాయిబు ఆమెనే చూశాడు. కష్టపడి గోడవైపు జరిగాడు. ఎడమచెయ్యి ఒంటి మీదుగా తెచ్చి పక్కన ఖాళీ అయిన చోటు మీద తట్టాడు, రెండోసారీ తట్టాడు.

"బాగుంది సంబరం. పట్టపగలు, పరాయివాళ్ల ఇల్లు," అంది కరీమున్. అన్నదే గానీ మంచం అంచున కూర్చుంది. కాళ్లకి నిజంగానే ఇసక ఉంది. ఇన్నేళ్లు ఈ చోటు ఇక్కడ ఖాళీగా ఉందని, తను అక్కడ పర్చూరులో గోడకి ఆనుకుని పడుకుందని తల్చుకుంటే ఆమెకి ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఒక్క ఏడన్నా 'పద' అనలేదేం ఈ మనిషి? బస్సు చార్జీకి భయపడ్డాడా, అమ్మకి భయపడ్డాడా? అడిగితే చెప్పే నోరు ఇప్పుడు లేదు.

ఇక మిగిలింది నిజాంపట్నం. హార్బరుకి రొయ్యల వ్యాపారులు వస్తూ పోతూ ఉంటారు. వాళ్లకి వెంకటరావమ్మ తన ఇంటి ముందు గది అద్దెకిచ్చేది. భర్త లేడు, నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. సాయిబుని చూడగానే కళ్లు తుడుచుకుని, మరుక్షణం కసిరింది.

"ఏం సాయిబూ, ఇట్టాగా రావడం? నీకోసం దూది రెండు గోతాల్లో పెట్టుకుని కూచున్నా."

"పరుపు లేదా అక్కా?" అంది కరీమున్.

"మొన్న గాలివానకి ఉప్పునీళ్లు ఇంట్లోకొచ్చాయమ్మా. పరుపు నానిపోయింది. విప్పి పెరట్లో ఆరేశా. ఆరేటప్పుడు ఉన్న మాటలన్నీ ఒక్కసారే అనేసి ఊరుకుంది."

"ఏమంది?"

వెంకటరావమ్మ మొహం తిప్పుకుంది. "నేను వంటింట్లో ఉన్నా. అవతల సముద్రం హోరు. వినపళ్ల."

కరీమున్ ఆ గోతాల పక్కన చతికిలబడింది. అదే ఆఖరి పరుపు. రంజాను దగ్గర పడుతోంది. గుంటూరులో బాజీ ఇంటి మూల మంచం అప్పుడే కళ్లముందు కనిపించింది. మొగుడు ఆ మంచం మీద, తను ఘాటుకి తుమ్ముకుంటూ తొడిమల కుప్ప ముందు. చాలాసేపటికి లేచి, దూలానికి తాడు వేసి విల్లు వేలాడదీసింది.

ఆడది విల్లు పట్టుకోవడం వాళ్ల ఇళ్లలో లేదు. బుడే సాయిబు కళ్లు పెద్దవి చేసుకుని చూశాడు. నారి మీద కొయ్యతో కొట్టడం చూసినంత తేలిక కాదు. గట్టిగా కొడితే దూది చెదిరిపోతుంది, మెల్లగా కొడితే విడదు. ఉప్పు పట్టిన దూది మరీ మొండి. ఆమె కొట్టిన దూది ఆమె జుట్టులోకి, వెంకటరావమ్మ పులుసులోకి పోయింది. బుడే సాయిబు కాసేపు సహించి, నేల మీద ఎడమచేత్తో దెబ్బ తర్వాత దెబ్బ వేసి చూపించాడు. ఆ దెబ్బల వెంట ఆమె కొట్టింది. దూది విడీవిడనట్టు విడింది. సాయంత్రానికి గలీబులో కూరి కుట్లు వేసింది.

వెంకటరావమ్మ వచ్చి తడిమి చూసింది. "పరుపు కుట్టావా, ఉండ్రాళ్లు చేశావా?"

"నీ దూది అట్టాంటిది."

"సరేగానీ తొలినిద్ర ఎవరిది?"

కరీమున్ భర్తవైపు చూసింది. అతను ఎడమచేతి వేలు ఆమె వైపు చూపించాడు. ఏకినవాళ్లదే. వాడుక వాడుకే.

ఆ రాత్రి ఆమె రాయిలా నిద్రపోయింది. పొద్దున లేస్తే ఏమీ గుర్తు లేదు. భుజాలు మాత్రం నొప్పులు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక, గడ్డలు ఎక్కడ ఎక్కువున్నాయో చూపించమని బుడే సాయిబుని దాని మీద పడుకోబెట్టి, గుమ్మం దగ్గర కూర్చుని జుట్టులో దూది ఏరుకుంటోంది. పరుపు మొదలుపెట్టింది. కరీమున్ గొంతు.

"చూరు మళ్లీ కారుతోంది. నువ్వు తాటాకు కట్టిన చోట కాదు, దాని పక్కన. వానొస్తే చెంబు పెడుతున్నా..."

ఆమె గబుక్కున లేచింది. "అయ్యో, లే, లే. ఏందది, ఏం కూశానో ఏమో!" జబ్బ పట్టి లేపబోయింది. బుడే సాయిబు ఎడమచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. లేవలేదు.

"...ప్రేమమ్మగారు పాత దుప్పటిచ్చింది, నీకు దాచా. మీ అమ్మ పొద్దుటినుంచి నిన్నే అడుగుతోంది. వస్తాడులే, సముద్రం దాకా పోయాడు, వస్తాడులే అంటున్నా. ఎవరో బాపట్లలో నిన్ను చూశారంట. చొక్కా చిరిగుందంట. గట్టిగానే కుట్టిచ్చాగా, ఎక్కడ చిరిగింది? ఎవరు కుడతారు నీకక్కడ? వింటున్నావా?"

అత్త బతికున్న రోజుల్లో, అతను ఈ ఊళ్లు తిరిగేటప్పటి మాటలవి. హార్బరులో ఏదో పడవ ఇంజను ఆగింది.

"వింటున్నావా?" అని పరుపు మళ్లీ అడిగింది.

"ఊఁ," అన్నాడు బుడే సాయిబు.

గొంతు బొంగురుగా, గరగరగా ఉంది. కరీమున్ అతని నోటివంకే చూస్తూ ఉండిపోయింది. పరుపు ఏమీ ఎరగనట్టు గొర్రె ఈనిన సంగతి చెప్పింది. ఊఁ, అన్నాడతను. పొగాకు కూలీకి పోయి చేతులు నల్లబడ్డ సంగతి చెప్పింది. ఊఁ, అన్నాడు. కాస్త ఆగి, దాన్ని వెతికి వెతికి పట్టుకున్నట్టు, "కరీ..." అన్నాడు. మిగతాది రాలేదు. ఆమె మణికట్టు మాత్రం వదల్లేదు. ఇది మాటో కాదో బాజీ వచ్చి తేల్చుకోవాల్సిందే. ఆ సంగతి ఆమెకి అప్పుడు గుర్తు కూడా లేదు.

బయట రొయ్యల వ్యాపారి ఒకాయన సంచీ చేత్తో పట్టుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. ఏటా ఆ గదిలో దిగేవాడే. వెంకటరావమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఇవాళ గది లేదండీ."

"అదేందమ్మా, తలుపు తెరిచే ఉందిగా?"

"ఉంటే ఉంది. లోపల మాట్లాడుకుంటున్నారు," అంది వెంకటరావమ్మ.