పొత్రం కింద పెట్టిన పేజీ

...అయినా ఆమెకు తెలిసే ఉంటుందని నా అనుమానం, లేకపోతే చనిపోయిన ఆరేళ్లకు వచ్చి ఇలా ఎదురుగా కూర్చుని, నా కళ్లలోకి కాక నా చేతులకేసి చూడదు మా సువార్తక్క. మేం కూర్చున్నది ఆసుపత్రి వరండాలో బల్ల మీదే, కాని కాళ్ల కింద నీళ్లు పారుతున్నాయి, బల్ల పడవలా మెల్లగా కదులుతోంది, గోడ ఉండవలసిన చోట మా ప్రార్థన మందిరం కిటికీలు ఒకదాని వెనక ఒకటి జారిపోతున్నాయి.

ఏ పని తలపెట్టినా కళ్లు మూసుకుని వాక్యగ్రంథం తెరవడం, వచ్చిన పేజీని దేవుడి మాటగా చదవడం, దాని అంచున పెన్సిలుతో ఆనాటి తేదీ వేసుకోవడం అక్క అలవాటు. కడుపులో గడ్డకు ఆపరేషన్ అంటే, గ్రంథం చెబితేనే అంది. పరీక్షల కోసం ఆమె ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులూ, జబ్బుమనిషి లేచి పరుపు ఎత్తుకుని నడిచిపోయే పేజీ దగ్గర ఆ పుస్తకాన్ని తెరిచి, రుబ్బురోలు పొత్రం కింద అదిమిపెట్టాను, ఎప్పుడు తీసినా అదే రావాలని. ఇంటికొచ్చి నా ఎదుట అదే పైకి చదివింది. ఒప్పుకుంది. ఆపరేషన్ బల్ల మీంచి లేవలేదు.

"అక్కా, నీకు తెలుసా?"

"పుస్తకం తీస్తే మినప్పిండి కంపురా దానూ! దేవుడు దోసెలు పోస్తన్నాడేమో అనుకున్నా." నవ్వుతోంది. నవ్వుకి పడవ ఊగుతోంది.

"తెలిసీ ఎందుకు ఒప్పుకున్నావు?"

"నువ్వు గుమ్మంలోకి వచ్చేలోపు అది మూసేసి మళ్లీ తెరిచాలే. అన్నీ పేర్లే. ఫలానావాడికి ఫలానావాడు పుట్టాడు, వాడికి ఇంకొకడు. దాన్నిబట్టి ఆపరేషన్‌కి పోవాలా, మానాలా? తలెత్తితే నీ మొహం కనపడింది. అదే చదివా. నీ పేజీ నాకు నోటికొచ్చు గదా, చూడకుండానే చెప్పేశా."

"మరి నీ నమ్మకం?"

"కాయితంలో ఉంటదని నీకెవడు చెప్పాడు? కళ్లు మూసుకుంటే లోపల ఒకడు లేచి నడుస్తాడే, వాణ్ణి చూడ్డానికే నేను పుస్తకం తెరిచేది. ఆ రోజూ వాడు నడిచాడు. నేనే నడవలా."

నమ్మను. తప్పు చేసిన మనసు తనకు కావలసిన సాక్షిని నిద్రలో తనే పుట్టిస్తుంది, మాటలూ తనే అందిస్తుంది, మినప్పిండి హాస్యంతో సహా. "నువ్వు అక్కవి కాదు, నా మనసువి" అంటాను.

"అయితే తీసి చూసుకోరాదూ? ఆరేళ్లబట్టీ గుడ్డ చుట్టి దాచావు" అంటూ ఆమె నీళ్లలోకి దిగుతోంది, చీర అంచు తడవడం లేదు.

మెలకువ వచ్చింది. కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడుతోంది. బీరువా మీది మూట దించి విప్పాను. పుస్తకం దానంతట అదే నా పేజీ దగ్గర తెరుచుకుంది. అంచున తేదీ లేదు. ఒక్కొక్క కాగితమే వెనక్కి తిప్పుతూ పోయాను. పేర్ల వరస ఉన్నచోట, ఒక తండ్రి పేరు పక్కన, పెన్సిలుతో, అక్క ఒప్పుకున్న ఆనాటి తేదీ.

ఈ తేదీని అప్పుడే ఎప్పుడో చూసి మరిచిపోయానా, అదే కలలోకి వచ్చిందా? అయ్యుండొచ్చు.

పెన్సిలు వెతికి తెచ్చి, దాని కింద ఇవాళ్టి తేదీ వేశాను.