ముందే వినబడిన జవాబు

వారమంతా పిన్ని కళ్ళద్దాల షాపు వెనకగదిలో కూచుని అద్దాలు అరగదీస్తుంది. మిషను గుయ్‌మని తిరుగుతుంటే, నీళ్ళధార కింద అద్దం అంచుని వెంట్రుకవాసి తేడా రాకుండా ఫ్రేముకి సరిపెట్టాలి. అంత నిదానమైన మనిషికి ఆదివారం తెల్లారేసరికి కాలు నిలవదు. మోకాళ్ళకి తొడుగులు కట్టుకుని, హెల్మెట్ బిగించుకుని, మేడమీది గదిలోంచి సైకిలు భుజాన వేసుకుని దిగి, కింద వాటాలో ఉండే అక్కావాళ్ళ తలుపు బాదుతుంది.

"వస్తున్నా మరదలా! కొండేమీ పారిపోదు," అన్నాడు బావ ఆ ఆదివారం కూడా, నోటినిండా పేస్టు నురగతో. బావ స్కూలు బస్సు డ్రైవరు. వారంలో ఆరురోజులు బ్రేకు మీద కాలేసి ఉంచే మనిషి, ఏడోరోజు బ్రేకన్న మాటే మర్చిపోతాడు. అందుకే ఆస్పత్రిలో నర్సుగా చేసే అక్క, కట్లు కట్టే సామానంతా సంచిలో వేసుకుని ఆయన వెనకాలే తొక్కుతుంది. వాళ్ళమ్మాయి కాలేజీ పిల్ల. దిగేటప్పుడు అందరికంటే ముందు పోతుంది, అందరికంటే ఎక్కువ అరుస్తుంది.

అయిదో సైకిలు గ్రీజు మాస్టారిది. ఊళ్ళో సైకిళ్ళ రిపేరు షాపు ఆయనదే. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో గ్రీజు పోదు. నలభై ఏడేళ్ళ వయసులో సైకిలు నేర్చుకుంటానని పిన్ని ఆయన షాపు ముందు నిలబడ్డప్పుడు నవ్వనివాడు ఆయనొక్కడే. "రాయిని చూస్తే రాయి మీదికే పోతారు. పక్కనున్న దారిని చూడండి," అని మొదటిరోజే చెప్పాడు. అది జరిగి రెండేళ్ళు. పిన్ని భర్త పోయి పన్నెండేళ్ళు, మాస్టారి భార్య పోయి అంతకంటే ఎక్కువే. ఈ రెండేళ్ళలో ఇద్దరూ గేర్ల గురించీ టైర్ల గురించీ గంటలకొద్దీ మాట్లాడుకున్నారు. అసలు మాట మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడేమో మాస్టారి షాపున్న భవనం కూలగొడుతున్నారు. రేవు పట్టణంలో ఉన్న తమ్ముడు వచ్చెయ్యమన్నాడు. మంగళవారం ప్రయాణం. కొండమీద ఇదే ఆఖరి ఆదివారం.

ఆ కొండమీద ప్రతిధ్వని ముందొస్తుంది, కేక తర్వాత. ఎదుటి లోయలోంచి మన గొంతు మనకి వినబడుతుంది. కాసేపటికి ఆ మాటే మనం అరుస్తాం. ఒక్కోసారి నిమిషం, ఒక్కోసారి అరగంట, గాలిని బట్టి. గట్టిగా అరిచిన మాటే అలా వస్తుంది, మెల్లిగా అన్నది రాదు. "జరగండి, జరగండి!" అని లోయలోంచి వినబడితే నడిచేవాళ్ళు పక్కకి తప్పుకుంటారు. తర్వాత ఏదో ఒక సైకిలు అలాగే అరుచుకుంటూ దూసుకొస్తుంది. కొండెక్కేవాళ్ళకి అది ఎండా నీడలాంటిదే.

ఎక్కడం గంటన్నర పట్టింది. చెట్ల మధ్య ఎర్రమట్టి దారి రాత్రి వానకి తడిసి, టైర్ల కింద మెత్తగా పట్టు దొరుకుతోంది. ఒక్కో మలుపు తిరిగేకొద్దీ ఊరు చిన్నదైపోయి, చివరికి ఇళ్ళ కప్పులు అగ్గిపెట్టెలంతయ్యాయి. శిఖరం మీదికి చేరేసరికి పిన్ని గుండె డప్పులా మోగుతోంది. లోయలో మబ్బు తెల్లగా, పాలపొంగులా కదులుతోంది.

"ఓహోహో, గెలిచా!" అని లోయలోంచి అమ్మాయి గొంతు వచ్చింది.

"ఇంకా రాలేదే మన మేడం," అని బావ అంటుండగానే రాతి వెనకనుంచి అమ్మాయి సైకిలెత్తి పట్టుకుని పైకొచ్చి, "ఓహోహో, గెలిచా!" అని అరిచింది. ఎవరూ పోటీ పెట్టుకోలేదు. అయినా అందరూ చప్పట్లు కొట్టారు.

నీళ్ళు తాగుతుండగా లోయలోంచి ఇంకో గొంతు లేచింది. మగగొంతు. పెద్దగా, స్పష్టంగా.

"సరే, ఉంటాను!"

అందరూ గ్రీజు మాస్టారి వంక తిరిగారు. ఆయన చేతిలో సీసా అలాగే ఉండిపోయింది.

"నేనేం అనలేదండీ," అన్నాడు.

"ఇంకా అనలేదు," అన్నాడు బావ. "ఎక్కడుంటావు? ఊళ్ళోనా?"

"ఎలా ఉంటానండీ? సామాను కట్టేశాను."

"మాస్టారూ, ఉండిపోకూడదా?" అమ్మాయి అడిగింది.

"తమ్ముడికి మాటిచ్చానమ్మా." మెల్లిగానే చెప్పాడు. అంటే లోయలో జవాబు వినబడిన ప్రశ్న అమ్మాయిదీ కాదు.

"మధ్యాహ్నం భోజనానికి ఉంటాడేమోలే," అంది అక్క, సంచి భుజాన వేసుకుంటూ. అని, చెల్లెలి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. పిన్ని హెల్మెట్ పట్టీ బిగించుకుంటున్నట్టు తల దించుకుంది. పట్టీ బిగిసే ఉంది.

దిగడం మొదలైంది. అమ్మాయి ముందు, ఆమె వెనక బావ, ఆయన వెనక "మెల్లిగా, మెల్లిగా!" అంటూ అక్క. ముగ్గురూ కళ్ళు మూసి తెరిచేలోగా మలుపులో మాయమయ్యారు. పిన్ని నాలుగో మనిషి. కొత్తవాళ్ళ వెనక ఉండాలని మాస్టారెప్పుడూ ఆఖర్నే వస్తాడు. పిన్ని కొత్తదై రెండేళ్ళు దాటినా ఆ పద్ధతి మారలేదు.

గాలి చెవుల్లో హోరుమంటోంది. వేళ్ళు బ్రేకుల మీద, నడుము వెనక్కి, చూపు ముందుకి. మట్టి చిమ్మి పెదాల మీద పడుతోంది. 'భోజనానికే అయ్యుండొచ్చు. తమ్ముడితో ఫోన్లో అనే మాట కావచ్చు. నేనడిగాక కాదంటే?' అనుకుంటూనే ఎప్పుడూ దిగి నడిపించుకుపోయే రాతిమెట్ల దగ్గరికొచ్చేసింది. పద్నాలుగు మెట్లు, ఒక్కోటీ ఒక్కో ఎత్తు.

"దిగండి, దిగండి. తడిగా ఉన్నాయి," అన్నాడు వెనకే వస్తున్న మాస్టారు.

పిన్ని దిగలేదు. మెట్ల అంచుల్ని చూడకుండా అవతలి మట్టిదారిని చూసింది. దడదడమని ఎముకలన్నీ వేటికవి విడిపోయినట్టయింది. పళ్ళు టకటక కొట్టుకున్నాయి, సైకిలు గుర్రంలా ఎగిరింది, ఎగిరింది, ఇంకా ఎగిరింది. ఉన్నట్టుండి కింద నేల మెత్తబడింది. పద్నాలుగూ అయిపోయాయి! పిన్ని కాలు కిందపెట్టి నవ్వుతోంది, ఏడుస్తోంది.

మాస్టారు సైకిలు పైనే వదిలేసి పరిగెత్తుకుంటూ దిగివచ్చాడు. "దెబ్బ తగిలిందా? ఏదీ చెయ్యి?"

"ఏం తగల్లేదు," అంది పిన్ని. ఊపిరి అందడం లేదు. ఇంత ధైర్యం జన్మలో మళ్ళీ రాదనిపించింది. "మాస్టారూ..."

"చెప్పండి."

"మీరు... నాతో ఉండిపోతారా?"

ఆ మాట దోమ రెక్కంత సన్నగా వచ్చింది. లోయకి చేరే మాట కాదది. ఆయన చేరువలో ఉన్నాడు కాబట్టి విన్నాడు. విని, బొమ్మలా నిలబడిపోయాడు. ఆ నిలబడడం పిన్ని చూడలేకపోయింది. జవాబు వినే ధైర్యం అడగడంలోనే ఖర్చయిపోయింది. పెడలు మీద కాలేసి ఒక్క తోపు తోసి, ఏటవాలుగా కిందికి పారిపోయింది.

మాస్టారి సైకిలు పద్నాలుగు మెట్ల పైన ఉంది. అందుకుని వెంటపడే వ్యవధి లేదు. ఆ మనిషి జీవితంలో గొంతెత్తి ఎరగడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, మెడనరాలు పొంగేలా అరిచాడు.

"సరే, ఉంటాను!"

పిన్ని బ్రేకు వెయ్యలేదు. హాండిలు వదిలి ఒక చెయ్యి పైకెత్తింది. అదీ ఊపేందుకు కాదు, ఆగలేక.

కింద వాగు దగ్గర సైకిళ్ళు ఆపుకుని ముగ్గురూ అప్పటికే పైకి చూస్తున్నారు. పిన్ని నీళ్ళు చిమ్ముకుంటూ వాళ్ళ మధ్యనుంచి దూసుకుపోయి, అవతలి ఒడ్డు గడ్డిలో సైకిలుతో సహా పడింది. అక్క సంచి తెరిచింది.

"ఎక్కడే దెబ్బ?"

"ఎక్కడా లేదక్కా."

"మరి ఆ ఏడుపేమిటి?"

"నేనే అడిగాను," అంది పిన్ని.

అక్క సంచి కిందపడేసి చెల్లెల్ని గట్టిగా పట్టుకుంది. అమ్మాయి గంతులేస్తోంది. బావ మాత్రం సైకిలు తిప్పి, మాస్టారికి ఎదురెళ్ళడానికి కొండవైపు తొక్కడం మొదలుపెట్టాడు. వెళ్తూ వెళ్తూ, స్కూలు బస్సుల షెడ్డు పక్కనున్న ఖాళీ గదిలో మాస్టారి షాపు పెడితే తలుపు ఎంత వెడల్పుండాలో, రిపేరు స్టాండు ఏ గోడవైపు పెట్టాలో తనలో తనే లెక్కలేసుకుంటున్నాడు.