మొదటి డికాషన్

తలకోనకు బయలుదేరే ముందే పంకజాక్షి ఖరాఖండిగా చెప్పేసింది.

"ఫిల్టరు తెస్తా, పొడి తెస్తా. ఎట్ల పెట్టాలో కూడా చెప్తా. పొయ్యి జోలికి మాత్రం రాను. ఒక్క పొద్దన్నా నన్ను పడుకోనీండి మే."

"నువ్వు పడుకోక్కా, మేం సూసుకుంటాం," అంది మహిత.

మహిత, ధర్మేంద్ర ఆమెతో పాటు శ్రీ సిటీ ఫ్యాక్టరీలో ఒకే లైనులో పనిచేసేవాళ్లు, పాతికేళ్ల వయసువాళ్లు. రెండు రోజుల సెలవు దొరికితే లైనులో ఎనిమిది మందీ వ్యాను మాట్లాడుకుని, టెంట్లు అద్దెకు తీసుకుని అడవికి వచ్చారు. మిగతావాళ్లకు జలపాతం కావాలి, ఫొటోలు కావాలి. పంకజాక్షికి కావలసింది ఒకటే. తనకంటే ముందు ఎవరో ఒకరు లేచి, పొయ్యి వెలిగించి, పడుకున్న చోటికి కాఫీ తెచ్చి చేతిలో పెట్టాలి. నలభై నాలుగేళ్ల మనిషికి ఇదేం కోరిక అని నవ్వేవాళ్లు సత్యవేడులో ఆమె ఇంట్లో ఒక్క వారం ఉండి చూడాలి. మూడున్నరకు లేచి డికాషన్ వేసి, అత్త దేవకమ్మకూ మామకూ మొగుడికీ వరసగా అందించి, వంట చేసి, క్యారియర్లు కట్టి, లైనువాళ్ల కోసం ఒక ఫ్లాస్కు నింపుకుని ఐదున్నర బస్సు అందుకోవాలి. ఇరవై రెండేళ్లుగా జ్వరం వచ్చినా పొద్దున్నే ఆ పొయ్యి దగ్గర నిలబడక తప్పలేదు. ఒళ్లు హూనమైపోయింది.

తెల్లవారింది. అలవాటు కొద్దీ ఎప్పుడో మెలకువ వచ్చేసినా, టెంటులో మొండిగా కళ్లు మూసుకుని పడుకుంది. బయట రాళ్ల పొయ్యి దగ్గర ఇద్దరూ ఒకటే రభస.

"బుడగలొస్తా ఉండాయి. పోసేయ్," అన్నాడు ధర్మేంద్ర.

బుడగలు రాగానే పోస్తారా ఎవరైనా! పంకజాక్షి దుప్పటి కింద పళ్లు కొరుక్కుంది.

"బాగా మసలాలంట రా. అక్క చెప్పింది," అంది మహిత.

"సరే. పొడి మటుకు గట్టిగా అదిమేసినా."

అయిపోయింది. ఇక ఒక్క చుక్క దిగితే ఒట్టు.

నిజంగానే దిగలేదు. పావుగంట చూసి ధర్మేంద్ర ఫిల్టరును టంగుటంగుమని తట్టడం మొదలుపెట్టాడు. పంకజాక్షి చెయ్యి దానంతట అదే టెంటు జిప్పు మీదికి పోయింది. అర నిమిషం పని. స్పూనుతో పొడిని ఒకసారి కదిపితే చాలు. కానీ ఇప్పుడు లేచిందంటే ఇంటికీ అడవికీ తేడా ఏముంది? చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అక్కను లేపుదామా?"

"వద్దురా. పాపం, పడుకోనీ. నేను కదిపి సూస్తా ఉండు."

పడుకోనీ అన్న మాట తన గురించి ఎవరైనా అనగా విని ఎన్నాళ్లయిందో పంకజాక్షికి గుర్తు రాలేదు. ముక్కు చీదితే మెలకువగా ఉందని తెలిసిపోతుందని ఓర్చుకుంది.

ఇంకాసేపటికి మహిత స్టీలు గ్లాసుతో లోపలికి వచ్చింది. "లేవొద్దక్కా. అట్లే కూర్చోని తాగు."

పంకజాక్షి ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. "ఇదేం మే, ఇంత చేదు! పొడంతా కుమ్మరించినారా?"

"నువ్వు చెప్పిన లెక్కేనక్కా."

ధర్మేంద్ర టెంటులోకి తల పెట్టాడు. "బాగలేదా? నేనూ తాగినా. అచ్చం నీ ఫ్లాస్కులో కాఫీ మాదిరే ఉండాది."

"నా కాఫీ ఇట్ల ఉండదు."

"రెండేండ్లుగా తాగతా ఉండాం, మాకు తెలీదా అక్కా? ఇదే."

పంకజాక్షి ఇంకో గుక్క తాగింది. పుట్టింట్లో కాఫీ అలవాటే లేదు. అత్తగారింటికి వచ్చిన మర్నాడే దేవకమ్మ చెప్పింది, మొదటి డికాషన్ పెద్దవాళ్లకు, మొగుడికి, ఇంటికి వచ్చినవాళ్లకు. అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోస్తే దిగే పలచటిది కోడలికి. దేవకమ్మ కూడా కోడలు వచ్చేదాకా అదే తాగిందట. పెద్దవాళ్లకు ఇచ్చేది ముందు రుచి చూస్తే ఎంగిలి. అందుకని పంకజాక్షి వాసనతోనే చిక్కదనం పసిగట్టేది, రంగును బట్టి పాలు కలిపేది. లైనువాళ్ల ఫ్లాస్కులోదీ మొదటి డికాషనే, అందరికీ పోసేసరికి అడుగంటేది. అంతమంది మెచ్చిన తన కాఫీని ఇన్నేళ్లలో తను తాగనే లేదు.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ అలసిపోయిన మనిషికి వచ్చేంతే. గుక్క తర్వాత గుక్క తాగింది. సగం గ్లాసు దాటాక నాలుకకు ఆ చేదు నచ్చడం మొదలైంది. అబ్బ, ఎంత బాగుంది!

"ఇంకొంచెం ఉండాదా?" అని అడిగింది.

"అయిపోయిందక్కా. ఆ పొడి మీదే మళ్లీ నీళ్లు పోసినా, దిగతా ఉండాది. అది కలిపి తెచ్చేదా?"

పంకజాక్షి ఖాళీ గ్లాసు మహిత చేతిలో పెట్టి, దుప్పటి మీదికి లాక్కుని మళ్లీ పడుకుంది.

"వద్దు. అది పారబోసేయ్. కొత్త పొడి వేసి పెట్టు మే. నిదానంగానే దిగనీ, నేనేం లేవను."