నీళ్ళోసుకున్నోళ్ళు

హేమ గుమ్మం అవతల వాంతి చేసుకుని, మూతి తుడుచుకుంటూ తిరిగొచ్చేసరికి ఆమె ట్రే బల్ల మీద లేదు. పొద్దున్నుంచి వొలిచిన రొయ్యలన్నీ కాంట్రాక్టరు గుట్టలో కలిసిపోయాయి. పని మధ్యలో బల్ల విడిస్తే ఆ తూకం పోయినట్టే. కళింగపట్నం దగ్గర కాంట్రాక్టరు నరసింగరావు రొయ్యల షెడ్డులో చట్టం అది. షెడ్డు నిండా ఉన్న ఆడవాళ్ళందరూ చూశారు. చూసి, తలలు వంచుకుని రొయ్యల తలలు తీస్తూ కూర్చున్నారు.

హేమకు మూడో నెల. మామూలు వేవిళ్ళయితే ఏ ఆడదీ లెక్కచెయ్యదు. ఇది అలాంటిది కాదు. గంజి తాగితే గంజి, మంచినీళ్ళు తాగితే మంచినీళ్ళు, ఏమీ తాగకపోతే పసరు. నిలబడితే కళ్ళు తిరుగుతాయి. దానికి తోడు రొయ్యల నీచు. సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ మాత్రలు రాసింది. అవి అక్కడ లేవనీ, బయట కొనుక్కోమనీ, వాడకపోతే తల్లికీ బిడ్డకీ కష్టమనీ చెప్పింది. మందుల షాపులో ధర విని హేమ మొగుడు గోవింద్ ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. మాత్రలు కొనాలంటే కూలి కావాలి. కూలి కావాలంటే బల్ల విడవకూడదు. బల్ల విడవకుండా ఉండాలంటే ఆ మాత్రలు కావాలి. అన్నలారా, అక్కలారా, ఈ గానుగని ఎవరు తిప్పుతున్నారో మనకి తెలుసు. హేమకి అప్పటికింకా తెలీదు.

ఆమె కోపమంతా ఎదురు బల్ల దగ్గరి దుర్గాభవాని మీద.

దుర్గాభవానికీ మూడో నెలే. కడుపుతో ఉన్నట్టు తెలిస్తే కాంట్రాక్టరు పనిలోంచి తీసేస్తాడు కాబట్టి ఇద్దరూ దాచారు. హేమ తన వాంతులకు అజీర్ణమని పేరు పెట్టింది. దుర్గకి ఆ బాధ లేదు. వంగుతుంది, లేస్తుంది, మధ్యాహ్నం చద్దన్నంలో ఎండుచేప నంజుకుంటుంది, జడలో కనకాంబరాలు పెడుతుంది. ఒకరోజు దుర్గ నడుం దగ్గర చీర మడతలోంచి ఏదో తీసి నోట్లో వేసుకోవడం హేమ చూసింది. అది మాత్ర. నాకు లేని మాత్ర దీనికెక్కడిది? ఆ రోజు నుంచీ దుర్గ నవ్వినా, నీళ్ళు తాగినా హేమకి గుండెల్లో మంట. దుర్గ నీళ్ళోసుకుంటే హేమ కళ్ళల్లో నిప్పులు పోసుకుంది.

సరిగ్గా ఆ మంట మీద సూపర్‌వైజర్ బిజు వచ్చి నెత్తిన నిలబడ్డాడు. "అందరూ పని చేస్తారు. నీకే ఎందుకు రోజూ బయటికి?"

"నన్నే అంతారేటి బాబూ?" అంది హేమ. "ఆ దుర్గ నీళ్ళోసుకున్నాది. దాన్నేటీ అడగరేటి?"

కడుపు సంగతి బయటపెట్టేశానని నాలుక కరుచుకుంది. కానీ జరగాల్సింది ఇంకోలా జరిగింది. బిజుది కేరళ. తెలుగు ఈ షెడ్డులోనే నేర్చుకున్నాడు. అతనికి తెలిసిన తెలుగంతా రొయ్య, ఐసు, తూకం, నీళ్ళు. నీళ్ళు పోసి నానబెడితే రొయ్య ఉబ్బుతుంది, తూకం పెరుగుతుంది. ఈ వ్యాపారంలో అంతకు మించిన దొంగతనం లేదు. అతను పరుగున వెళ్ళి దుర్గ ట్రే ఎత్తి బోర్లించాడు.

గొడవకి నరసింగరావు షెడ్డు పక్కనే ఉన్న తన మేడ దిగి వచ్చాడు. బిజు అప్పజెప్పిన హేమ మాట విని, దుర్గని కింద నుంచి పై దాకా చూశాడు. ఆయనది పక్క ఊరే. పోయిన వారమే, "మా కోడలు అనూరాధ నీళ్ళోసుకున్నాదమ్మా, నోరు తీపి చేసుకోండి" అంటూ షెడ్డంతా లడ్డూలు పంచాడు. ఆ మాటకి అర్థం ఆయనకి తెలీకపోవడం ఏమిటి. తెలిసే అన్నాడు, "నీళ్ళుపోసే దొంగకి నా దగ్గర పని లేదు. వారం కూలీ లేదు. గెంటండి."

దుర్గ గేటు దాటి నాలుగడుగులు వేసి గోడ పట్టుకుని భళ్ళున కక్కేసింది. ఆమె చీర మడతలోంచి మాత్రల షీటు జారి, వెనకాలే వెళ్ళిన హేమ ముందు పడింది. ప్రతి మాత్రా సగానికి విరిచి ఉంది.

"పన్లో ఉన్నంతసేపూ సగం ముక్క పన్జేస్తాది," అంది దుర్గ ఆయాసపడుతూ. "ఇంటికెల్తే నీలాగే కుక్కి మంచంలో పడుంతాను వదినా."

హేమ ఆమె మొహంలోకి చూసింది. దుర్గ ముక్కుపుడక లేదు. ఇన్నాళ్ళూ జడలో పువ్వులు చూసింది గానీ బోసి ముక్కు చూడలేదు.

"బిజుకి సెప్పింది నానే," అంది హేమ.

దుర్గ మూతి తుడుచుకుని, కింద పడ్డ షీటు తీసుకుంది. తరవాత సగం మాత్ర హేమ చేతిలో పెట్టింది. "లోపలికెల్లు. నీ కూలి కూడా పోతాది."

హేమ ఆ ముక్కని గుప్పిట్లో బిగించుకుని షెడ్డులోకి వెళ్ళి, బల్లల మధ్య నిలబడి జరిగిందంతా చెప్పింది.

"నీ కుళ్ళుకి మమ్మల్ని పస్తులుండమంతావేటే?" అని దానమ్మ లేచింది. "సాయంత్రానికి లారీ ఎల్లాల. మా పిల్లలకి అన్నం కావాల."

"నాది కుళ్ళే అప్పా, కాదన్ను," అంది హేమ. గుప్పిట తెరిచి చూపించింది. "ఈ సగం ముక్క సూసి ఏడిసినాను. ఆ మేడ మీద కోడలికి మాత్రలు డబ్బాలకి డబ్బాలున్నాయి. అటు నా కన్నెల్లలేదు. మనం ఒకల్నొకలు సూసుకుని ఏడుస్తన్నంతసేపూ ఆడికి హాయి. రొయ్య కుళ్ళకుండా ఐసేస్తాడు. మనకేటేస్తన్నాడు?"

ముసలి లక్ష్మణమ్మ చాకు బల్ల మీద పెట్టింది. ఆమె మొగుడు సముద్రంలో పోయి పాతికేళ్ళు. "నా పెద్దకూతురు కడుపుతో ఈ బల్ల కిందే పడిపోనాది," అంది. "అప్పుడు నేనూ తలొంచుకున్నాను. ఇంక వొంచను." ఇంకో చాకు పడింది. ఇంకోటి. దానమ్మ గొణుక్కుంటూనే తనదీ పెట్టేసింది. దుర్గ బల్ల దుర్గకి, కడుపుతో ఉన్నోళ్ళకి మాత్రలు, బల్ల విడిచినా తూకం. ఈ మూడూ ఇచ్చేదాకా చాకు ముట్టుకోం అన్నారు.

ఎవరో చెప్పగా బిజు అసలు అర్థం తెలుసుకుని మొహం చిన్నబుచ్చుకుని కాంట్రాక్టరు దగ్గరికి వెళ్ళాడు. "సార్, అది కడుపు అంట. నా తప్పు. తీసుకుందాం."

"నీ పని నువ్వు చూసుకో," అన్నాడు నరసింగరావు. పోలీసులకి ఫోను చేశాడు.

లారీ కింద ఐసు నీళ్ళు ధారగా కారుతుండగా ఎస్సై వచ్చాడు. "రొయ్యల్లో నీళ్ళు పోసింది ఎవరు?"

"నాను నీళ్ళోసుకున్నాను," అంది హేమ.

"నానూ," అంది దానమ్మ.

లక్ష్మణమ్మ కొంగు బిగించి లేచింది. "నానూ నీళ్ళోసుకున్నాను. రాసుకో బాబూ."

విధవరాలి నోట ఆ మాట విని కానిస్టేబులు తల తిప్పుకున్నాడు. ఒక్కొక్కరే షెడ్డంతా లేచింది. నానూ, నానూ.

"అందర్నీ జీపెక్కించండి సార్," అన్నాడు నరసింగరావు.

"ఒకల్ని మరిసిపోనారు," అంది హేమ. "మేడ మీద అనూరాధమ్మ. ఆవిడా నీళ్ళోసుకున్నాదని తవరే సెప్పి లడ్డూలు పెట్టినారు. ఆవిడ్నీ ఎక్కించండి."

"నోరు ముయ్యండి. నా కోడలు కడుపుతో ఉన్న మనిషి," అని అరిచాడు నరసింగరావు.

ఎస్సై నరసింగరావు వంక తిరిగాడు. ఆయన చూపు ఎక్కడా నిలవలేదు.

"మరి మా దుర్గో?" అంది లక్ష్మణమ్మ.

ఎస్సై చేతిలో పుస్తకం మూసేశాడు. "ట్రేలు లాగెయ్యండి, కొత్తవాళ్ళని పిలవండి" అని నరసింగరావు కేకలేశాడు. బిజు కదల్లేదు. హేమకి మళ్ళీ వాంతొచ్చింది. ఆమె బల్ల విడిచి, అందరూ చూస్తుండగా, గుమ్మం అవతలికి వెళ్ళింది. గేటు దగ్గర కూర్చున్న దుర్గ లేచొచ్చి ఆమె తల పట్టుకుంది. ఇద్దరూ కలిసి లోపలికి వచ్చారు.

హేమ ట్రే బల్ల మీదే ఉంది. దాని మీద దానమ్మ చెయ్యి ఉంది. దానమ్మ ట్రే మీద లక్ష్మణమ్మ చెయ్యి ఉంది. దుర్గ ఖాళీ ట్రే ఎవరో తుడిచి ఆమె చోట పెట్టారు.