దిగుడు దారి

అక్కకు ఎడమ మోకాలు అరిగిపోయింది, క్లచ్ తొక్కలేదు. అందుకే చిన్న కారైనా ఆటోమేటిక్ కొనమని బావకు చెప్పాను. వాళ్ల ఇల్లు కొండ మీద. ఆల్ వీల్ డ్రైవ్ అయితే నాలుగు చక్రాలూ లాగుతాయి, వానలోనూ ఎక్కుతుందని అన్నది కూడా నేనే. మెకానిక్‌ని కదా, నోరు ఊరుకోదు.

"అది ఎక్కడానికే బావా. ఆపేటప్పుడు ఏ బండికైనా టైర్లే దిక్కు" అని కూడా అన్నాను. ఆ ముక్క ఆయన చెవికెక్కలేదు.

పాత కారు కొన్నాడు. టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి. కొత్తవి నాలుగూ తెప్పించి షెడ్డులో గోడకు ఆనించి, వారం రోజులుగా రమ్మని పోరుతున్నాను.

"నాలుగు చక్రాలూ లాగుతుంటే టైర్లకేం తొందరరా" అని నవ్వేవాడు.

ఇవాళ తెల్లారేసరికి వాన పట్టుకుంది. అక్క ఫోన్ చేసింది.

"నీ పోరు పడలేక మీ బావ టైర్లు మార్పించుకోవడానికి బయల్దేరారురా."

కొండ దిగి నా షెడ్డుకు రావడానికి పావుగంట చాలు.

"ఎంతసేపైందే?"

"గంట దాటింది. ఏం, ఇంకా రాలేదా?"