చల్లటి మోటరు

ఆ మోటరుకు గొంతంటూ ఉంటే వీరబ్రహ్మం ఈపాటికి పిసికేసేవాడు. అడుగడుగుగా తిరిగే ఆ మోటరును కంప్యూటరు వంద స్టెప్పులు వేయమంటే తొంభై ఏడు వేసి, వందా వేసినట్టు కులాసాగా ఆగిపోతోంది. ఆ దొంగలెక్క నమ్మి కంప్యూటరు తర్వాతి కోత మొదలుపెడుతోంది, గాడి పక్కకు జరిగిపోతోంది. పొద్దుటి నుంచి చెత్తలోకి పోయిన అల్యూమినియం దిమ్మల్లో ఇది నాలుగోది.

రుసైల్‌లోని ఆ వర్క్‌షాపువాళ్లు లోహాన్ని కోసే, చేత్తో తిప్పే పాత మిల్లింగ్ మెషీన్‌ను తుక్కు కింద పడేయబోతుంటే, మోటర్లూ కంప్యూటరూ బిగించి నడిపిస్తానని మాటిచ్చింది అతనే. పదిహేనేళ్ల గల్ఫ్ బతుకులో ఇదొక్కటే తనదనిపించిన పని. ఇవాళ మధ్యాహ్నం లోపల ఒక్క దిమ్మయినా కొలతకు రాకపోతే మెషీన్ తుక్కుకు, వీరబ్రహ్మం రుస్తాఖ్ సైట్‌లో వెల్డింగుకు. మేనేజరు జయదేవ్ ఈ మాట మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే ఎక్కువ మండించింది.

వారం నుంచి అతను చూడనిది లేదు. మరలన్నీ బిగించాడు, పట్టాలకు నూనె పెట్టాడు, వైర్లు మార్చాడు, వేగం నత్తనడకకు దించాడు. చివరికి రెండో డ్యూటీ చేసే ఖాదర్‌వలి మీద పడ్డాడు. ఇద్దరిదీ కడప జిల్లానే, రూమూ ఒకటే.

"నువ్వేందో కెలికినావు ఖాదరూ. నేను లేనప్పుడే ఇది చెడిపోయింది."

"అల్లా తోడు బ్రహ్మన్నా, దాన్ని తుడిసేది తప్ప నేనేం చేసినా?"

"తుడిసేది గూడా వద్దు. దాని జోలికి రావాకు."

అప్పటి నుంచి రెండు రోజులుగా ఖాదర్‌వలి రూములో కూడా పలకడం లేదు. టీ మాత్రం ఇద్దరికీ కాస్తున్నాడు. అది మరీ కడుపుమంట.

పదకొండింటికి జయదేవ్ వచ్చాడు. "ఏమైందండీ? మోటరేమైనా పాడైందా?"

"మోటరు బంగారం సార్. చెయ్యి పెట్టి సూడండి, ఎంత సల్లగా పెట్టుకున్నానో!"

జయదేవ్ చెయ్యి పెట్టాడు. మొహం చిట్లించాడు. "గంట నుంచి నడుస్తున్న మోటరు ఇంత చల్లగా ఉందేంటండీ? కరెంటు ఎంత పెట్టారు?"

"సగం సార్. మొదటి రోజే కాలిపోతా ఉండాదని తగ్గించినా."

"అయ్యో, ఇది పొలంలో బోరు మోటరు కాదండీ బాబూ! వేడెక్కడం దీనికి మామూలే. సగం కరెంటిస్తే బలమెక్కడి నుంచొస్తుంది? కోత బరువవగానే స్టెప్పు తప్పుతుంది."

వీరబ్రహ్మం మోటరుకు కరెంటిచ్చే పెట్టె వైపు తిరిగాడు. మైదుకూరు దగ్గర అతని చేలో మూడు బోరు మోటర్లు కాలిపోయాయి. మూడుసార్లూ పైరు కళ్లముందే ఎండింది. చెయ్యి పెట్టలేనంత వేడంటే అతనికి తెలిసిన అర్థం ఒక్కటే. వారంలో ఎన్నిసార్లో ఆ కరెంటు పెట్టె మూత తీసి, స్విచ్చులు తను పెట్టినవే కదా అని మళ్లీ మూసేశాడు. అనరాని మాటలన్నీ ఖాదర్‌ను అన్నాడు. సిగ్గుతో తల తీసేసినట్టయింది.

మెషీన్ ఆపి, మోటరు మీద రాసి ఉన్న అంకె ప్రకారం స్విచ్చులు మార్చాడు. కొత్త దిమ్మ బిగించాడు. అరగంటకల్లా మోటరు చెయ్యి పెట్టనివ్వలేదు. వీరబ్రహ్మం చేతులు రెండూ చంకల్లో కుక్కుకుని నిలబడ్డాడు. ఆపేయమని ప్రాణం లాగేస్తోంది.

డ్యూటీకి ముందే వచ్చిన ఖాదర్‌వలి మోటరు పక్కన ఆనుకోబోయి, చెయ్యి తగిలి అదిరిపడ్డాడు. అలిగిన సంగతే మరిచిపోయాడు. "యా అల్లా! కాలిపోతాందన్నా, ఆపు!"

స్విచ్చు మీదికి పోతున్న ఆ చేతిని వీరబ్రహ్మం ఒడిసి పట్టుకున్నాడు.

"ఆపాకు. దాని తీరే అంత. చెడగొట్టింది నేనే ఖాదరూ. నిన్ను ఉత్తపుణ్యానికి తిట్టినా."

కోత పూర్తయింది. జయదేవ్ దిమ్మను కొలిచాడు, తిప్పి మళ్లీ కొలిచాడు. ఫోను తీసి, రుస్తాఖ్ సైట్‌కు ఇంకెవరినైనా చూసుకోమని చెప్పాడు.

వీరబ్రహ్మం ఖాదర్‌వలి వైపు తిరిగాడు. "రొండు దినాలు మాట్లాడకుండా సంపినావు గదరా" అన్నాడు.

"మాట్లాడతాలేన్నా" అన్నాడు ఖాదర్‌వలి. "ముందు చెయ్యి ఇడ్సు. నొప్పి పుడతాంది."